జడతోనే పోయింది

పోయిన వారం పెద్దపల్లిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దామె నా ముఖం చూడకముందే నా వీపు చూసింది. విస్తరిలో అన్నం అలాగే ఉంచి, ఎడమచేత్తో నా జడ పట్టుకుని, అంగట్లో కూరగాయల సంచి బరువు చూసినట్టు ఎత్తి దించింది.

"అచ్చం మీ శిన్నమ్మ జడనే వచ్చింది బిడ్డా నీకు. ఏం జడ గది! పునిస్త్రీ, జడతోనే పోయింది."

ఎదుటి వరుసలో ఇంకొకామె అందుకుంది. "ఔ మల్ల. పాడె మీద గూడ పామోలె పండుకున్నది గా జడ."

చిన్నమ్మ అంటే మా కాక భార్య. ఆమె రక్తం చుక్క కూడా నాలో లేదు, ఆమె జడ నాకు వచ్చే దారే లేదు. ఆ సంగతైనా వాళ్ళకు చెప్పలేకపోయాను. పదిమందిలో నాకు నోరు పెగలదు. తల వంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాను. చిన్నమ్మ పేరు ఆ ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. "గా నిర్మల్ దిక్కు పిల్ల" అనుకుని సరిపెట్టుకున్నారు. పేరు నేనూ ఇక్కడ రాయడం లేదు. అక్కర్లేదని వదిలేసినవాళ్ళకు దాన్ని మళ్ళీ ఎందుకు అందించాలి?

కాని ఆ జడ గురించి మాట్లాడే హక్కు ఎవరికైనా ఉంటే అది నాకే ఉంది. చివరి నాలుగేళ్ళూ దాన్ని రోజూ అల్లింది నేను.

మాది సుల్తానాబాద్. మా నాన్న బాపూ, ఆయన తమ్ముడు కాకా కలిసే ఉండేవారు. ఇంటి తాళాలన్నీ బాపమ్మ నడుముకు వేలాడేవి. బాపమ్మ అంటే బాపుకూ కాకకూ తల్లి. నన్ను కన్న మా అవ్వ ఎక్కువగా పొలం దగ్గరా, పశువుల కొట్టం దగ్గరా ఉండేది. ఇంటి లోపలి పనంతా చిన్నమ్మది. ఆమె గోదావరి అవతల, నిర్మల్ దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.

చిన్నమ్మ నడిచేటప్పుడు ఎడమ చెయ్యి గోడకు ఆనించి నడిచేది. ఏటా సున్నం వేసినా, దర్వాజ నుంచి వంటింటి దాకా నడుమెత్తున ఆమె చెయ్యి తగిలిన చార మళ్ళీ తేలేది. "గోడ వట్టుకోకుంటె నడువరాదానే?" అని బాపమ్మ అడిగితే, "నేను వట్టుకోకుంటె గోడ పడ్తదత్తమ్మా" అనేది. కూర్చుని లేచేటప్పుడు సగంలో ఆగి, వంగి, చీర కుచ్చెళ్ళు సర్దుకునేది. ఎంత ఒద్దికైన మనిషో, ఎన్నిసార్లు కుచ్చెళ్ళు సర్దుకుంటుందో అని నేను మురిసిపోయేదాన్ని. కళ్ళు తిరిగితే, అవి కుదురుకునేదాకా అట్లా వంగి ఉండేదని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

బియ్యం తినేది. చెరుగుతూ ఒక గుప్పెడు, ఎసట్లో పోసే ముందు ఇంకో గుప్పెడు.

"బియ్యం బుక్కితె పెండ్లిల వాన పడ్తదే, ఓ పిల్లా" అని బాపమ్మ కసిరేది.

"నా పెండ్లి ఎన్నడో అయిపాయె అత్తమ్మా. గిప్పుడు పడితె నాట్లకన్న అక్కెరకొస్తది."

బాపమ్మకు కూడా నవ్వు వచ్చేది. బియ్యం చేతికి అందనప్పుడు చిన్నమ్మ గోడ మూల నుంచి మట్టి గిల్లి నోట్లో వేసుకునేది. అది మాత్రం ఎవరూ లేనప్పుడు.

నన్ను ఆమె చెదపురుగు అని పిలిచేది. వడ్ల గుమ్మి వెనక చేరి ఏది దొరికితే అది, బెల్లం పొట్లం కట్టిన కాగితం కూడా, చదువుతూ కూర్చునేదాన్ని. "ఓ చెదపురుగా! కాయితాలు నమిలింది చాలు గని, జర వచ్చి నా నెత్తి సూడు" అని కేకేసేది. ఆ ఇంట్లో నేను బెరుకు లేకుండా మాట్లాడింది ఆమె ఒక్కదానితోనే. ఎప్పుడూ ఆమె వీపే నావైపు ఉండేది కనుక అది నాకు సులువయింది.

ఆమె నెత్తి చూసినదాన్ని మా ఇంట్లో నేను ఒక్కదాన్నే. రెండుసార్లు ఆమెకు కడుపు పోయింది. రెండోసారి తర్వాత వెంట్రుకలు దువ్వెనకు గుత్తులు గుత్తులుగా రావడం మొదలైంది. మా దిక్కు ఆడవాళ్ళు రాలిన వెంట్రుకలను వేలికి చుట్టి ఉండలు చేసి, గోడ పగుళ్ళలో, పెంకుల సందుల్లో దోపుతారు. వెంట్రుకలు కొనేవాడు వాడలోకి వచ్చినప్పుడు వాటిని ఇచ్చి సూదులో, పిన్నీసులో తీసుకుంటారు. చిన్నమ్మ తన ఉండ ఒక్కటి కూడా వాడికి ఇవ్వలేదు. కుంకుడు రసంతో కడిగి, నీడలో ఆరబెట్టి, చిక్కు తీసి దాచిపెట్టి, పుట్టింటికి పోయినప్పుడు సవరం కట్టించుకుని వచ్చింది. నిర్మల్ రంగుల పెట్టెలో, గాజుల కింద దాన్ని దాచేది. తల మీద ఎంత తగ్గితే పెట్టెలో అంత పెరిగేది. అందుకే ఆమె జడ ఏనాడూ సన్నబడలేదు.

అల్లడం ఆమే నేర్పింది. మెడ దగ్గర ఉన్న కొద్ది వెంట్రుకలనూ మూడు పాయలు చేసి, మొదటి మలుపు కిందనే సవరం ముడి దాగేటట్టు నల్లదారంతో బిగించాలి. పాపిడి ఏడాదికేడాది వెడల్పవుతుంటే, కాటుకను నూనెలో రంగరించి వేలికొనతో అటూ ఇటూ అద్దాలి, లోపలి చర్మం మెరవకుండా. చెవుల పక్క నాలుగు వెంట్రుకలు కావాలనే వదిలేయాలి.

"మరీ నున్నగ దువ్వకే" అనేది. "నున్నగుంటె అబద్ధమని ఎరుకైతది. నిజం జడ జర చెదిరి ఉంటది."

మా ఇంట్లో నెలనెలా మూడు రోజులు ఆడవాళ్ళం వెనక వసారాలో దూరంగా కూర్చునేవాళ్ళం. నాలుగోనాడు తలస్నానం చేసి ఇంట్లోకి రావాలి. తలంటుకుని, వెంట్రుకలు విరబోసుకుని వాకిట్లో ఎండకు నిలబడితే ఆ మనిషి శుద్ధి అయినట్టు, ఒంట్లో బాగున్నట్టు. ఇక ఎవరూ ఏమీ అడగరు. చిన్నమ్మకు నాలుగోనాటికి ఆగేది కాదు. పది రోజులు పోయేది, కొన్ని నెలల్లో పక్షం దాటేది. అయినా నాలుగోనాడు అందరికంటే ముందు లేచి స్నానం చేసేది. తలకు తువ్వాల చుట్టి, దాని అంచు కింద నుంచి సవరం వెంట్రుకలు వీపు నిండా పరుచుకుని, వాకిట్లో సూర్యుడికి వీపు పెట్టి నిలబడేది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

"సూడుండ్రి నా కోడలి ఎంటికలు! సూసి కండ్లు పెట్టకుండ్రి" అని బాపమ్మ గర్వంగా అరిచేది. మా బాపమ్మకు ఆమె మీద ప్రేమ లేదని నేను అనను. ఉంది. అదంతా వీపు వైపే ఉంది.

ఒకరోజు అల్లుతూ అల్లుతూ అడిగాను. "అవ్వకు చెప్పరాదా చిన్నమ్మా? దవాఖానకు తీస్కపోతరు గద."

"ఎందుకు తీస్కపోరు? మంచిగనే తీస్కపోతరు. గని పిల్లలు కాని ఆడది, ఇగ రోగంది గూడ అని ఎరుకైనంక, నా ఎంబడి నా చెల్లె గూడ వస్తది గీ ఇంటికి."

ఆమె చెల్లెలు నాకంటే రెండేళ్ళు పెద్దది. పెద్దదానికి పిల్లలు కాకపోతే దాని చెల్లెలినే తెచ్చి ఆ అల్లుడికే కట్టడం గోదావరికి అటూ ఇటూ ఉన్న అలవాటే. పరాయి సవతి వచ్చి రాచిరంపాన పెట్టేకన్నా తోడబుట్టినదే నయమని ఇరువైపుల తల్లులూ ఒప్పుకుంటారు. బాపమ్మ ఆ మాట అప్పటికే ఎత్తింది. ఇద్దరిని చేసుకుంటే కేసవుతుందట, కొత్త కానూన్ వచ్చిందట అని కాక నసిగాడు. "కానూన్ వచ్చి నీకు కొడుకును కంటదా?" అని బాపమ్మ అడిగితే నోరు మూసుకున్నాడు.

"దానికేమొ సైకిల్ తొక్కాలనున్నది" అంది చిన్నమ్మ. "నిర్మల్ల ఒక నర్సమ్మను సూసిందట సైకిల్ మీద. తెల్ల చీర, నల్ల చెప్పులు. గప్పటిసంది ఒకటే పాట, నేను నర్సమ్మ చదువు చదువుత అని. చదువనియ్యే. నా నెత్తి మీద గీ నాలుగు ఎంటికలు ఉన్నన్ని దినాలు దాని జోలికి ఎవ్వరు పోరు."

అప్పుడు ఆమె భుజాలు నవ్వాయి. ముఖం నాకు కనిపించలేదు.

పక్కింటి పెళ్ళికి పసుపు దంచేనాడు చిన్నమ్మ పడిపోయింది. ముత్తైదువలంతా రోలు చుట్టూ చేరి పాట అందుకున్నారు. ఆమె రోకలి ఎత్తింది, దించింది. మళ్ళీ ఎత్తబోయి అలాగే పక్కకు ఒరిగింది. పసుపు కొమ్ములు చెల్లాచెదురయ్యాయి. నీళ్ళు నీళ్ళు అని ఒకరు, శుభమా అని దంచుతుంటే ఇదేంటని ఇంకొకరు. బాపమ్మ పరుగెత్తుకొచ్చి ముందుగా జడను మట్టిలోంచి ఎత్తి, దులిపి, ఆమె గుండెల మీద పెట్టింది. తర్వాతే తల ఒళ్ళోకి తీసుకుంది. ఆ జడ ఎక్కడ ఊడి చేతికి వస్తుందోనని ముడి వైపే చూస్తున్నాను. రాలేదు. పొద్దున గట్టిగానే కట్టాను.

"దిష్టే. ఇగ వేరే ఏముంటది? గింత జడ ఏసుకొని ఊరందరి నడుమ నిలవడితె తగులదా మల్ల!"

ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. మర్నాడు బాపమ్మ పొలం గట్ల మీద తిరిగి గుంటగలగరాకు కోసుకొచ్చింది. మందార పూలు, మెంతులు, కరివేపాకు, నువ్వుల నూనె అన్నీ ఇనుప మూకుట్లో పోసి, పొయ్యి ముందు పీట వేసుకుని మధ్యాహ్నం దాకా సన్నటి సెగ మీద కాచింది. గరిటె ఎవరినీ ముట్టనివ్వలేదు. కళ్ళలో నీళ్ళు కారుతుంటే కొంగుతో తుడుచుకుంది, లేవలేదు. అంత ఓపికగా ఆమె ఎవరికీ ఏదీ వండగా నేను చూడలేదు. నూనె మంచిదే. ఇల్లంతా కమ్మటి ఆకు వాసన. ఆ నూనెతో నాకు వచ్చిపడ్డ కష్టం ఏమిటంటే, రోజూ పెట్టమనేవాళ్ళు, పెడితే సవరం జారేది. నల్లదారం రెండు పేటలు వేసి కట్టాల్సి వచ్చింది.

కాక చెడ్డవాడు కాడు. బజారు నుంచి వచ్చేటప్పుడు ఆకులో చుట్టిన మల్లెపూలు తెచ్చేవాడు. ఆమె తిరిగి నిలబడితే ఆ పూలు జడలో ఎట్లా ఉన్నాయో చూసి తృప్తిగా తలూపేవాడు. ఆమె పెదవులు సున్నం రంగుకు తిరగడం అతనికి ఎట్లా కనబడలేదని నేను చాలాసార్లు ఆలోచించాను. ముందువైపు నుంచి చూడాలి కదా.

బావి దగ్గర రెండోసారి పడ్డాక బాపు గట్టిగా అనడంతో కాక ఆమెను బస్సులో కరీంనగర్ తీసుకుపోయాడు. ఆడతోడు కావాలని నన్నూ పంపారు. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. గదికి పచ్చటి తెర. కాక తెర అవతల బెంచీ మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ జడ వైపే చూడలేదు. చిన్నమ్మ కంటి కింది రెప్ప లాగి చూసింది, గోళ్ళు నొక్కి చూసింది.

"నెలకు ఎన్ని రోజులు అవుతుందమ్మా నీకు?"

తెర కింద కాక చెప్పులు కనిపిస్తున్నాయి. చిన్నమ్మ వాటిని చూసింది. "మూడే" అంది.

"మూడు రోజులకే ఇంత పాలిపోతారా? ఒంట్లో రక్తం లేదు నీకు. ఆసుపత్రిలో చేరాలి. రక్తం ఎక్కించి, లోపల గడ్డ ఏమైనా ఉందేమో చూడాలి. రెండు వారాలైనా పడుతుంది."

"రెండు వారాలు నా నెత్తి ఎవరు దువ్వుతరమ్మా?"

డాక్టరమ్మకు కోపం వచ్చింది. "ప్రాణం మీదికొస్తే జడ గురించి మాట్లాడతావేంటి? ప్రాణం ముఖ్యమా, జడ ముఖ్యమా?"

చిన్నమ్మ గొంతు బాగా తగ్గించింది. "జడ ఉంటెనే గా ఇంట్ల నేను ఉంట. నేనుంటెనే నా చెల్లె ఆడ ఉంటది."

ఆ మాట డాక్టరమ్మకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. బయట వరండా నిండా మనుషులు. చివరికి ఒక మందు రాసిచ్చి, ఇందులో ఇనుము ఉంటుంది, మానకుండా తాగాలి, నెల తిరగ్గానే రావాలి అని నాకు మళ్ళీ మళ్ళీ చెప్పింది.

"ఏమన్నది?" అని కాక అడిగాడు.

"నీరసమట. మందు తాగుమన్నది" అంది చిన్నమ్మ.

కాక ముఖం విప్పారింది. బస్టాండులో మా ఇద్దరికీ జిలేబీ కొనిపెట్టాడు.

దవాఖానలో చేరమన్నారని ఇంటికి రాగానే నేను అవ్వకు చెప్పాను. అవ్వ బాపుకు చెప్పింది. "కోతలైనంక సూద్దాం" అన్నాడు బాపు. మర్నాడు నేను జడ అల్లుతుంటే చిన్నమ్మ, "చెదపురుగా, ఇన్నేండ్లు లేని నోరు నీకు నిన్ననే రావాల్నా?" అంది. కోపంతోనే అంది.

మందు మాత్రం తాగింది. కొద్ది రోజులకే పెదవులకు కాస్త రంగు వచ్చింది. గోడ పట్టుకోకుండా వంటింట్లోంచి వాకిట్లోకి రావడం చూశాను. బియ్యం మీదికి చెయ్యి పోవడం తగ్గింది. ఇంతలో ఒకనాడు బాపమ్మ ఆ సీసా మూత తీసి వాసన చూసింది.

"ఏం మందే గిది? తుప్పు వాసనొస్తది."

"ఇనుము ఉంటదటనే అవ్వా, దాంట్ల" అన్నాడు కాక.

"ఇనుమా! ఇనుము తాగిపిస్తున్నరార దానికి? బావిల ఇనుప బొక్కెన సూడలే? నీళ్ళల్ల నానితె ఎట్ల ఎర్రగైతది? ఎట్ల పొరలు పొరలు రాలుతది? రేపు దీని నెత్తి గూడ గట్లనే అయితది. గింత నూనె కాచి పోస్తె గింత జడ నిలవడ్డది, దాన్ని తుప్పు పట్టిస్తరా?"

సీసా తీసుకుపోయి పెంటకుప్ప మీద వంచేసింది. చిన్నమ్మ దర్వాజ దగ్గర నిలబడి చూసింది. ఆ వెంట్రుకలకూ తన ఒంటికీ సంబంధమే లేదని, తను ఏం తాగినా వాటికి ఏమీ కాదని చెప్పడానికి ఆమెకు నోరు లేదు. లోపలికి వచ్చాక నాతో అంది, "అత్తమ్మ నూనె కాచేది గూడ ఇన్ప మూకుట్లనే గదనే." నవ్వింది కూడా. నేను నవ్వలేకపోయాను. ఇంకో సీసా తెమ్మని ఆమె ఎవరినీ అడగలేదు. కాక తానుగా తేలేదు.

కోతలు పూర్తి కావస్తున్నాయి. ఆ నెల వసారాలో కూర్చున్నప్పుడు ఆమెకు మామూలుగా లేదు. గుడ్డలు చాలక పాత చీర చింపడం చూశాను. అయినా నాలుగోనాడు పొద్దున్నే లేచి, సవరం తీసి పెట్టెలో పెట్టి, స్నానానికి పోయింది. నీళ్ళ చప్పుడు ఒకసారి వినిపించి ఆగిపోయింది. అవ్వా బాపమ్మా పోయి చూసేసరికి స్నానాల బండ మీద గోడకు ఒరిగి కూర్చుని ఉంది. ప్రాణం లేదు.

బాపమ్మ ఆమె తల అలా చూడటం అదే మొదలు. తడిసి నెత్తికి అంటుకుపోయిన పిడికెడు వెంట్రుకలు, వాటి మధ్య తెల్లటి చర్మం. ఏడుపు ఆపి నా వైపు చూసింది. నేను పోయి పెట్టె తెచ్చాను. బాపమ్మ గాజులు పక్కకు నెట్టి సవరం బయటికి తీసి, రెండు చేతుల్లో పట్టుకుని చూసింది. అప్పుడు ఏం అనుకుందో నాకు తెలియదు. అడగలేదు. ఎప్పటికీ అడగను. కొంతసేపటికి దాన్ని నా చేతిలో పెట్టింది.

"అల్లు. జల్ది అల్లు. ఊరంత వస్తది."

అల్లాను. మెడ చల్లగా ఉంది. నూనె లేదు కనుక ముడి బాగా నిలిచింది. కాక మల్లెపూలు తెచ్చాడు. పసుపు పూసి, కుంకుమ పెట్టి, జడ ముందుకు తెచ్చి గుండెల మీద పరిచారు. ఊరి ఆడవాళ్ళు గుమ్మంలోకి రాగానే బాపమ్మ గుండె బాదుకుంటూ, "సూడుండ్రి, నా బిడ్డ జడతోనే పోతున్నది" అని ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. వచ్చిన ప్రతి మనిషీ ఆ మాటనే ఇంటికి పట్టుకుపోయింది.

ఆరునెలలు తిరగకముందే ఆమె చెల్లెలిని తెచ్చారు. ఈసారి కానూన్ కూడా అడ్డు లేదు. పెళ్ళి గోదావరి అవతలే చేశారు. మా ఇంటికి వచ్చిన మర్నాడు ఊరివాళ్ళు చూడ్డానికి వస్తారని, బాపమ్మ కరీంనగర్ నుంచి కొత్త సవరం ఒకటి తెప్పించింది. అది తెచ్చి నా ఒళ్ళో పడేసి, "అక్కకున్నంత లావు రావాలె" అని చెప్పి వెళ్ళింది.

నేను దువ్వెన తీసుకుని పెళ్ళికూతురి వెనక కూర్చున్నాను. తల నిండా గట్టి వెంట్రుకలు. దువ్వెన పట్టి లాగితే ఒక్కటి కూడా ఊడి రాలేదు. ఆమె చెయ్యి వెనక్కి చాపి, సవరం తీసుకుని, వేళ్ళతో విడదీసి చూసింది.

"కొన్నదా? అక్కది మా ఇంట్ల కట్టినం. దాంట్ల సగం నా ఎంటికలే. అక్క వచ్చినప్పుడల్ల మా అవ్వ నా నెత్తి దువ్వి దువ్వి ఉండలు చేసేది."

"అయితే మీ అవ్వకు ఎరుకేనా? చిన్నమ్మకు పానం బాగలేదని?"

"ఎందుకు ఎరుక లేదు? సవరం మంచిగ కడితె బిడ్డ కాపురం నిలుస్తదనుకున్నది."

ఎందుకన్నానో తెలియదు, అనేశాను. "నువ్వు గీ ఇంటికి రావద్దనే చిన్నమ్మ గవన్ని చేసింది. నువ్వు నర్సమ్మ చదువు చదువాల్నని..."

"నాకు చెప్పలేదా? వచ్చిన ప్రతిసారి చెప్పింది. నువ్వు రాకు, ఏం జేసైన రాకు అని." ఆమె వెనక్కి తిరిగి నన్ను సూటిగా చూసింది. అక్కలా వీపు పెట్టి మాట్లాడే మనిషి కాదు. "నన్నెవరన్న అడిగితె గద నేను వద్దనేది? మా బాపు అడిగిండా? మీ కాక అడిగిండా? చీరెలు గొని తెచ్చినంక నాకు ఎరుకైంది, పెండ్లి నాకే అని."

వాకిట్లో మాటలు వినిపిస్తున్నాయి. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. అయిందా అని బాపమ్మ కేకేసింది. నేను సవరం కోసం చెయ్యి చాపాను. ఆమె దాన్ని కిటికీలో పెట్టేసింది.

"గిది వద్దు. నా ఎంటికలు నాకున్నయి."

ఉన్నంతలో అల్లాను. బిగువైన, నిండైన జడ. చిన్నమ్మ తల మీద చివరికి మిగిలింది అయిదింతలు చేసినా ఇట్లాంటి జడ ఒక్కటి కాదు. మా ఊళ్ళో అది నాకు, బాపమ్మకు, మా అవ్వకు, ఈ పెళ్ళికూతురికి మాత్రమే తెలుసు. ఆమె కొంగు నిండా కప్పుకోకుండానే వాకిట్లోకి వెళ్ళి, బాపమ్మ చూపించిన పీట మీద కూర్చుంది. ఒకామె లేచి పెళ్ళికూతురి వెనక్కి నడిచి, జడ ఎత్తి, దించి, బాపమ్మ వైపు జాలిగా చూసింది.

"పిల్ల మంచిగనే ఉన్నది గని, అక్కకున్నంత లేదు పాపం."